టేపు రికార్డర్లలో వదులు నివారణ

అయస్కాంత టేపుతో పనిచేసే యంత్రాల్లో టేపు ఆగినప్పుడు, దిశ మార్చుకున్నప్పుడు రెండు రీళ్ల మధ్య అది వదులు కాకుండా చూసే ఏర్పాట్లన్నిటినీ కలిపి వదులు నివారణ అనవచ్చు. 1930లలో జర్మనీలో తయారైన తొలి టేపు రికార్డర్ల నుంచి ఇప్పుడు డేటా సెంటర్లలో తిరుగుతున్న ఎల్‌టీఓ డ్రైవుల దాకా ఈ చిక్కు ఏదో ఒక రూపంలో వెంటాడుతూనే ఉంది. పాట వినేవాళ్ల కంటికి ఇది ఆనదు. యంత్రాన్ని రూపొందించేవాళ్లకు మాత్రం హెడ్డు, ఆంప్లిఫయరు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

చిక్కు ఎక్కడుంది

టేపును లాగగలం గాని నెట్టలేం. అందుకని విడిచే రీలు, చుట్టుకునే రీలు రెండూ దాన్ని ఎప్పుడూ చెరో వైపు కొద్దిగా లాగి పట్టుకోవాలి. ఒకే దిక్కుగా, ఒకే వేగంతో పోతున్నంతసేపూ ఇది పెద్ద పని కాదు. తంటా అంతా ఆపేటప్పుడూ, వెనక్కి తిప్పేటప్పుడూ వస్తుంది.

స్టూడియోల్లో వాడే పదిన్నర అంగుళాల రీలులో సుమారు 2,500 అడుగుల టేపు పడుతుంది. నిండు రీలు బరువుగా, నెమ్మదిగా తిరుగుతుంది. ఖాళీ రీలు తేలిగ్గా, గిర్రున తిరుగుతుంది. రివైండు జోరులో ఉండగా రెంటికీ సమానంగా బ్రేకు వేస్తే తేలిక రీలు ముందు ఆగుతుంది. టేపును విడుస్తున్నది బరువైన రీలైతే అది ఆ ఊపులో ఇంకా నాలుగు చుట్లు తిరిగి టేపును కుమ్మరిస్తుంది. ఆ వెంటనే మోటారు రెండో వైపు లాగితే వదులుగా ఉన్నదంతా ఒక్క కుదుపుతో బిగుసుకుంటుంది. పాతకాలపు సెల్యులోజ్ అసిటేటు టేపు ఆ దెబ్బకు పుటుక్కున తెగుతుంది. తెగిన కొసలు రెండూ కలిపి అతికిస్తే సరి, పాట దాదాపు దక్కినట్టే. తర్వాత వచ్చిన పాలియెస్టర్ టేపు అంత తేలిగ్గా తెగదు, సాగుతుంది. సాగిన చోట ఉన్న స్వరం మళ్లీ మామూలు కాదు. కొందరు ఇంజినీర్లు అసిటేటునే మెచ్చుకోవడానికి కారణం ఇదే. గట్టిదనం ఎప్పుడూ మేలే అనుకునేవాళ్లకు ఇది వింతగా తోస్తుంది.

టేపు పలచబడే కొద్దీ ఈ గండం పెరిగింది. స్టూడియో టేపు మందం దాదాపు 50 మైక్రాన్లయితే సి-60 క్యాసెట్లోది సుమారు 18, సి-90లోది 12, సి-120లోది 9 మైక్రాన్లు మాత్రమే.

మూడు మోటార్ల పద్ధతి

డెన్మార్క్‌కు చెందిన వాల్డెమార్ పౌల్సెన్ 1898లో తయారుచేసిన టెలిగ్రాఫోన్ ఉక్కు తీగ మీద శబ్దాన్ని పట్టింది. తీగ వదులైతే మెలిపడుతుంది, మెలిపడిన తీగను విప్పడం బ్రహ్మతరం కాదు. 1928లో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ జర్మనీలో కాగితం పట్టీ మీద ఇనుప పొడి పూసి పేటెంటు పొందాడు. దాన్ని అందుకుని ఏఈజీ సంస్థ యంత్రాన్నీ, నేటి బీఏఎస్‌ఎఫ్‌కు చెందిన లుడ్విగ్స్‌హాఫెన్ కర్మాగారం టేపునూ తయారుచేశాయి. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో జనం ముందుకు వచ్చిన ఆ యంత్రమే మాగ్నెటోఫోన్.

అందులో మూడు మోటార్లు ఉండేవి. ఒకటి టేపును సమవేగంతో నడిపే క్యాప్‌స్టన్‌కు, తక్కిన రెండూ చెరో రీలుకు. పాట నడుస్తున్నంతసేపూ చుట్టుకునే మోటారు ముందుకు లాగుతుంటే, విడిచే మోటారు కూడా తక్కువ బలంతో వెనక్కి లాగుతూనే ఉంటుంది. దిశ మార్చాలంటే ఏ మోటారు బలం ఎక్కువో మార్చితే చాలు, పట్టు మాత్రం ఏ క్షణంలోనూ వదలనక్కర్లేదు. ఎనభై ఏళ్ల తర్వాతి యంత్రాల్లో కూడా ఇదే సూత్రం కనిపిస్తుంది. జర్మన్ టేపు చుట్టకు పై పళ్లెం ఉండేది కాదు, మధ్యలో ఇరుసు ముక్క మాత్రమే ఉండేది. చుట్ట వదులైతే మొత్తం జారి పడిపోతుంది కాబట్టి బిగువు విషయంలో వాళ్లు అంత పట్టుదలగా ఉండక తప్పలేదు.

బ్రేకులో దాగిన తెలివి

యుద్ధం ముగిశాక జాక్ మలిన్ అనే అమెరికన్ సైనిక ఇంజినీరు రెండు మాగ్నెటోఫోన్లను విడి భాగాలుగా అమెరికాకు చేర్చి, 1946లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వినిపించాడు. గాయకుడు బింగ్ క్రాస్బీ తన రేడియో కార్యక్రమానికి ఆ పద్ధతిని పట్టుకున్నాడు. 1948లో ఆంపెక్స్ 200ఏ వచ్చింది. ఆ తరం యంత్రాల్లో వదులును ఆపే భారమంతా పట్టీ బ్రేకు మీద పడింది.

పట్టీ బ్రేకును దగ్గరగా చూడాలి. రీలు ఇరుసుకు ఒక డ్రమ్ము, డ్రమ్ము చుట్టూ లోపల ఫెల్టు లాంటిది అతికించిన సన్నటి ఉక్కు పట్టీ. పట్టీ ఒక కొసను చట్రానికి బిగిస్తారు, రెండో కొసను స్ప్రింగు లాగుతుంది. డ్రమ్ము బిగించిన కొస నుంచి స్ప్రింగు కొస వైపుగా తిరుగుతుంటే రాపిడే పట్టీని మరింత బిగదీస్తుంది. అటునుంచి ఇటు తిరిగితే అదే రాపిడి పట్టును సడలిస్తుంది. స్ప్రింగు ఒకటే, బలమూ ఒకటే, పట్టు మాత్రం ఒక దిక్కులో దాదాపు రెండింతలు. రెండు రీళ్లకూ ఈ బ్రేకులను అద్దంలో బింబంలా ఎదురెదురుగా అమరిస్తే, టేపు ఎటు పోతున్నా వెనక ఉన్న రీలుకే, అంటే టేపును విడిచే రీలుకే, గట్టి పట్టు పడుతుంది. ఏ దిక్కుకు పోతున్నామో యంత్రానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా బ్రేకును విడిపించడానికే విద్యుత్తు కావాలి, వేయడానికి స్ప్రింగు చాలు. కరెంటు పోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. కరెంటు కోతల ఊళ్లలో ఈ యంత్రాలను నడిపినవాళ్లకు దీని విలువ తెలుసు. మన ఆకాశవాణి స్టూడియోల్లో దశాబ్దాల పాటు తిరిగినవీ రీలు యంత్రాలే.

దీనికి తోడు టేపు దారిలో స్ప్రింగుతో ఊగే చిన్న చెయ్యి ఒకటి ఉండేది. టేపు కొద్దిగా వదులైతే చెయ్యి కదిలి దాన్ని తీసుకుంటుంది. మరీ వదులైనా, తెగినా చెయ్యి కిందికి పడి స్విచ్చి నొక్కి మోటార్లను ఆపేస్తుంది.

అయినా మనిషి చెయ్యి తొందరపడితే ఏ బ్రేకూ కాపాడలేదు. రివైండు జోరులో ఉండగా ప్లే నొక్కితే రబ్బరు రోలరు టేపును క్యాప్‌స్టన్‌కు అదిమేస్తుంది, రీళ్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. అనుభవమున్న ఆపరేటర్లు స్టాప్ జోలికి పోకుండా ముందు ఎదురు దిక్కు బటను నొక్కి జోరు తగ్గించి, రీళ్లు దాదాపు నిలిచాక స్టాప్ నొక్కేవారు. 1970లలో ఆ ఒడుపును సర్క్యూట్లకు నేర్పారు. 1977 నాటి రెవాక్స్ బీ77లో రీళ్లు నిజంగా ఆగాయో లేదో కనిపెట్టే ఏర్పాటు ఉంది. ఏ బటను ఎప్పుడు నొక్కినా ఆగాకే ఆజ్ఞ అమలవుతుంది. అంతకు ఏడాది ముందు వచ్చిన ఆంపెక్స్ ఏటీఆర్-100 రబ్బరు రోలరునే తీసేసి, పెద్ద క్యాప్‌స్టన్‌తో, రెండు వైపులా బిగువును కొలిచే చేతులతో మోటార్లను సర్వో పద్ధతిలో, అంటే కొలతను బట్టి బలాన్ని సర్దుతూ నడిపింది.

వదులుకే ఒక చోటు

కంప్యూటర్ల సంగతి వేరు. పాటకు టేపు గంటలో రెండు మూడుసార్లు ఆగితే ఎక్కువ. కంప్యూటరుకు అది క్షణక్షణం ఆగాలి, కదలాలి, ఒక్కోసారి వెనక్కి చదవాలి. 1951 నాటి యూనివాక్ కంప్యూటరుకు అమర్చిన యూనిసర్వో, నికెల్ పూత పూసిన ఫాస్ఫర్ బ్రాంజ్ లోహపు టేపును సెకనుకు 100 అంగుళాల వేగంతో రెండు దిక్కులా చదివేది. మధ్యలో పడే వదులును కప్పీలతో, స్ప్రింగులతో సర్దేవారు.

ఐబీఎం ఇంజినీర్లు ఇంకో దారి పట్టారు. 1952లో ఐబీఎం 701తో పాటు ప్రకటించిన 726 టేపు యంత్రం ప్లాస్టిక్ టేపును సెకనుకు 75 అంగుళాలు, అంటే దాదాపు 1.9 మీటర్లు నడపాలి. నిలకడ నుంచి ఆ వేగానికి సెకనులో వందో వంతులోపు చేరాలి. నిండు రీలును అంత త్వరగా కదిలించే మోటారు లేదు, ఉన్నా టేపు తట్టుకోదు. జేమ్స్ వైడెన్‌హామర్, వాల్టర్ బుస్లిక్ దీనికి వాక్యూమ్ కాలమ్ అనే జవాబు కనిపెట్టారు.

రీలుకూ హెడ్డుకూ మధ్య టేపు నిలువుగా ఉన్న ఒక సన్నటి పెట్టెలోకి యు ఆకారంలో దిగుతుంది. అడుగు నుంచి పంపు గాలిని పీలుస్తుంటుంది. టేపు పైన మామూలు గాలి ఒత్తిడి, కింద అంతకన్నా తక్కువ ఒత్తిడి. ఆ తేడా టేపును మెత్తగా, ఎప్పుడూ ఒకే బలంతో కిందికి లాగుతుంది. హెడ్డు దగ్గర టేపు కదిలినప్పుడు కదలాల్సింది ఆ కొంచెం టేపు మాత్రమే, దానికి బరువు లేనట్టే లెక్క. పెట్టె గోడకు పైనొకటి, కిందొకటి రంధ్రాలుంటాయి. యు ఆకారపు అడుగు పై రంధ్రం దాటి పైకి పోతే అక్కడ ఒత్తిడి పడిపోతుంది, రీలు తిరిగి టేపు విడుస్తుంది. కింది రంధ్రం దాటి దిగితే అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, రీలు ఎదురు తిరిగి చుట్టుకుంటుంది. రెండు రంధ్రాల మధ్య ఉన్నంతసేపు రీలు తన పాటికి తాను ఊరుకుంటుంది. టేపు దిశ వంద సార్లు మారినా రీలుకు ఆ సంగతి తెలియకపోవచ్చు. పాత సినిమాల్లో కంప్యూటరు అనగానే తిరిగి ఆగి, ఆగి తిరిగే పెద్ద రీళ్లు చూపిస్తారే, ఆ తడబాటు నడక ఇందువల్లే.

వదులును చంపాలని అందరూ చూస్తుంటే వీళ్లు దానికి ఒక గది కట్టి అందులో ఉంచారు. ఈ చరిత్ర మొత్తంలో ఇంతకన్నా అందమైన పరిష్కారం కనిపించదు. 727, 729, 2400 శ్రేణుల మీదుగా మూడు దశాబ్దాల పాటు పెద్ద కంప్యూటర్ల గదుల్లో ఇదే ఏలింది. పంపుల హోరు, ఖర్చు, నిలువెత్తు బీరువా మాత్రం తప్పలేదు.

ఆ ఖర్చు భరించలేని చోట వేరే తెలివి పుట్టింది. 1960లలో డెక్ సంస్థ అమ్మిన డెక్‌టేపులో క్యాప్‌స్టన్ లేదు, గాలి పెట్టె లేదు. నాలుగంగుళాల చిన్న రీళ్లను రెండు మోటార్లు నేరుగా తిప్పేవి, వెనక మోటారు కొద్దిగా ఎదురు లాగేది. రెండు దిక్కులా చదవడం, రాయడం దానికి మామూలే. 1972లో త్రీఎం సంస్థ తెచ్చిన డీసీ300 కార్ట్రిడ్జిలోనైతే వదులు నివారణ టేపు పెట్టెలోనే ఉంది. సాగే గుణమున్న ఒక పలచని బెల్టు రెండు చుట్టల అంచులనూ తాకుతూ వాటిని నడుపుతుంది. చుట్టుకునే చుట్ట మీద అది విడిచే చుట్ట మీద కన్నా ఒక పిసరు వేగంగా పోతుంది కాబట్టి మధ్యలో టేపు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. దిశ మారితే బెల్టు బిగువు కూడా తనంతట అటు మారుతుంది. యంత్రంలో ఒక్క మోటారు చాలు.

ఇంటి యంత్రాలు

ఫిలిప్స్ 1963లో బెర్లిన్‌లో చూపిన కాంపాక్ట్ క్యాసెట్‌తో టేపు ఇళ్లలోకి వచ్చింది. చౌక యంత్రంలో మోటారు ఒక్కటే. చుట్టుకునే ఇరుసుకు జారే క్లచ్చు, విడిచే ఇరుసుకు కాస్త ఫెల్టు రాపిడి, అంతే. క్లచ్చు అరిగితే క్యాప్‌స్టన్ టేపును నెట్టుకొస్తుంది, చుట్టుకునే రీలు తిరగదు, టేపు రబ్బరు రోలరుకు చుట్టుకుంటుంది. రీలు చుట్టుకుపోయింది అంటూ మూత తెరిచి, నలిగిన టేపును వేళ్లతో మెల్లగా లాగి, పెన్సిలు దూర్చి తిప్పడం తెలుగు ఇళ్లలో రెండు తరాలకు తెలిసిన వైద్యం. క్యాసెట్ ఇరుసుకు ఆరు పళ్లు, పెన్సిలుకు ఆరు పలకలు, అందుకే అది అంత చక్కగా పట్టేది. బీఏఎస్‌ఎఫ్ 1970లలో తన క్యాసెట్లలో టేపును దారిలో పెట్టే చిన్న చేతులను అమర్చింది. మంచి డెక్కులు క్యాసెట్ పెట్టగానే ఇరుసును కాస్త తిప్పి వదులు లాగేసుకునేవి.

ఆటో రివర్స్ వచ్చాక చిక్కు మళ్లీ మొదలైంది. హెడ్డుకు రెండు పక్కలా రెండు క్యాప్‌స్టన్లు పెట్టి, ఏ దిక్కుకు పోతే ఆ వైపు రోలరును అదిమేవారు. నకామిచి డ్రాగన్ లాంటి ఖరీదైన డెక్కుల్లో రెండూ కలిసి పనిచేస్తూ, వెనకది ముందుదాని కన్నా ఒక పిసరు నెమ్మదిగా తిరిగేది. అదే కంపెనీ 1980లలో ఆర్‌ఎక్స్-505లో దిశ మార్చే గొడవే వద్దని, క్యాసెట్‌నే బయటకు తోసి, అటు తిప్పి, మళ్లీ లోపల పెట్టింది. చూడ్డానికి సరదాగా ఉంటుంది గాని ఇంజినీరింగులో అదొక తప్పించుకునే మార్గమే. 1964 నాటి ఎయిట్ ట్రాక్ కార్ట్రిడ్జి ఇంకో అడుగు ముందుకేసింది. టేపు చుట్ట మధ్య నుంచి లేచి బయటి అంచున చుట్టుకునే అంతులేని మాల కాబట్టి అది వెనక్కి తిరగనే తిరగదు. వీహెచ్‌ఎస్ క్యాసెట్లో రీళ్లకు తాళం ఉంటుంది. యంత్రంలోకి వెళ్లాకే అడుగు రంధ్రంలోంచి ఒక పుల్ల దూరి ఆ తాళం విప్పుతుంది.

జ్ఞాపకశక్తి వచ్చాక

మళ్లీ కంప్యూటర్ల దగ్గరికి వస్తే, 1979లో ఐబీఎం 8809 టేపు యంత్రం గాలి పెట్టెలు లేకుండా వచ్చింది. అది టేపును ఆపకుండా పరుగెత్తిస్తుంది, ఆపాల్సి వస్తే నెమ్మదిగా ఆపి, వెనక్కి వచ్చి, మళ్లీ ఊపందుకుంటుంది. 1984 నాటి 3480లో మెమరీ చిప్పులు మధ్యలో డేటాను దాచిపెట్టడంతో రెప్పపాటులో ఆగాల్సిన అవసరమే తగ్గింది.

2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 కార్ట్రిడ్జిలో 5.2 మైక్రాన్ల మందంతో 1,035 మీటర్ల టేపు ఉంటుంది. 18 టెరాబైట్లు నింపాలంటే అది అటూ ఇటూ కలిపి 280 సార్లు, అంటే దాదాపు 290 కిలోమీటర్లు పోవాలి. ప్రతి కొసలోనూ దిశ మారుతుంది. రెండు రీళ్లకూ వేర్వేరు మోటార్లు, ఏ క్షణంలో ఏ చుట్ట ఎంత లావుందో లెక్క కట్టి దేనికెంత బలం ఇవ్వాలో చిప్పు నిర్ణయిస్తుంది. బయట ఉన్నప్పుడు రీలు కదలకుండా కార్ట్రిడ్జిలోనే బ్రేకు ఉంది. కంప్యూటరు నుంచి డేటా సరిపోను రానప్పుడు మాటిమాటికీ ఆగి వెనక్కి రావడం టేపుకూ హెడ్డుకూ చేటు కాబట్టి, ఈ డ్రైవులు వచ్చే డేటాను బట్టి వేగాన్ని తగ్గించుకుంటాయి.