అమావాస్యయా, నెలపొడుపా?

మన తెలుగు బైబిలులోని “అమావాస్య” అను మాట చదువరిని తికమకపెట్టును. మన కలువాయి ప్రాంతములో అమావాస్య అనగా ప్రయాణమునకును పెండ్లిమాటలకును పనికిరాని చీకటిదినమని పలువురి తలంపు. దావీదు సౌలు బల్లయొద్ద కూర్చుండవలసిన దినము (1 సమూయేలు 20) అట్టిది కాదు. అది నెలపొడుపు, విందుదినము.

పూర్వము యెరూషలేములో నెలవంకను చూచినవారు న్యాయసభయెదుట సాక్ష్యమిచ్చిన మీదటనే క్రొత్తనెల ప్రకటింపబడెడిది. కొండలమీద మంటలు వేసి దూరపువారికి తెలిపెడివారని మిష్నా చెప్పుచున్నది. ఆత్మకూరు, ఉదయగిరి ముస్లిం సోదరులును రంజానుకు నెలవంకకొరకే ఆకాశము చూతురు గదా! తరువాత యూదుల పంచాంగము గణితముచేత స్థిరపడెను. అయినను చంద్రుని చూచి దీవెన పలుకుట నిలిచియున్నది. నెల పుట్టిన మూడు దినములకు, కొందరు ఏడు దినములకు, పున్నమి దాటకముందు, తరచుగా విశ్రాంతిదినము ముగిసిన రాత్రి వారు ఆరుబయట నిలిచి ప్రార్థింతురు. “షాలోం అలేఖెం”, అనగా మీకు సమాధానము, అని ఒకరికొకరు ముమ్మారు చెప్పుకొందురు. స్తుతి చంద్రునికి కాదు, నెలలను నూతనపరచు దేవునికే.

కొలొస్సయి 2:16 ప్రకారము ఈ ఆచారము మనకు విధి కాదు. విధి కానిది భయమును కాకూడదు. అమావాస్యకు జడిసి వివాహమును, బాప్తిస్మమును వాయిదావేయు కుటుంబములు ఈ సంగతి ఆలోచింపవలెను.