మన ఒప్పుకోలును విడిచిపెట్టవద్దు



ప్రతి ఆదివారం మన సంఘాల్లో విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు అందరం లేచి నిలబడతాం. కంఠతా వచ్చిన మాటలు కాబట్టి నిమిషంలో ముగుస్తుంది. ఆరాధన అయ్యాక ఒక తండ్రి వెస్ట్రీ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడుగుతాడు: "అయ్యగారూ, పిల్లవాడి కుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టాలి. మతం అన్నచోట ఏమి రాయమంటారు?" విజయవాడలోగాని, దివిసీమ పల్లెల్లోగాని సేవ చేసే ఏ పాస్టరుకూ ఈ ప్రశ్న కొత్త కాదు. నిమిషంలో చెప్పిన ప్రమాణం ఎంత ఖరీదైనదో ఆ ఒక్క ప్రశ్నలో తెలుస్తుంది. ఈ వారం దీని గురించే ఆలోచిద్దాం.

ఒప్పుకోలు అంటే ఏమిటి?

హెబ్రీ పత్రిక ఈ మాటను మూడుచోట్ల వాడుతుంది (3:1, 4:14, 10:23). గ్రీకులో దీనిని హొమొలొగియా అంటారు. "ఒకే మాట పలకడం" అని దాని మూలార్థం. దేవుడు తన కుమారుణ్ణి గూర్చి చెప్పినదే మనమూ చెప్పడం, హృదయంలో నమ్మినదే నోటితో చెప్పడం, గుడిలో చెప్పినదే వీధిలోనూ చెప్పడం. ఈ మూడూ కలిస్తేనే అది ఒప్పుకోలు. అందుకే పౌలు రోమా పత్రిక 10వ అధ్యాయంలో నోటినీ హృదయాన్నీ జంటగా చెప్పాడు.

ఆ పత్రిక అందుకున్నవారు సుఖంగా ఉన్నవారు కారు. నలుగురిలో నిందలు పడ్డారు. ఆస్తులు పోగొట్టుకున్నారు. అలసిపోయిన కొందరు కూడికలకు రావడం మానేశారు. మొదటి రోజుల్లో సంతోషంగా భరించినవారే కాలం గడిచేకొద్దీ సడలిపోతున్నారు. అలాంటివారికి రచయిత గట్టిగా పట్టుకోమని చెబుతూ, ఆ వెంటనే కారణం కూడా చెప్పాడు: మాట ఇచ్చిన దేవుడు నమ్మదగినవాడు. రేవు దాటేటప్పుడు పిల్లవాడు తండ్రి చెయ్యి పట్టుకుంటాడు. వాడు కొట్టుకుపోకుండా కాపాడేది వాడి పిడికిలి కాదు, తండ్రి పట్టు. మన స్థిరత్వానికి ఆధారం కూడా అదే.

మచిలీపట్నం, 1852

మన డెల్టా చరిత్రలో ఈ వాక్యానికి సాక్షులు ఉన్నారు. సి.ఎం.ఎస్. మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. 1843లో నోబుల్ బడి ప్రారంభించాడు. దాదాపు తొమ్మిదేళ్ళపాటు బోధించినా ఆ బడి నుండి ఒక్కరూ బాప్తిస్మానికి రాలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు ముందుకు వచ్చారు: మంచాల రత్నం, అయినాల భూషణం. ఇద్దరూ అగ్రవర్ణ కుటుంబాలవారు. ఊరు అట్టుడికింది. బడి దాదాపు ఖాళీ అయింది. ఆ రోజుల్లో బాప్తిస్మమంటే ఇంటి గడప శాశ్వతంగా దాటడమే. తల్లి చేతి అన్నం, తండ్రి ఆస్తి, కుల కట్టుబాటు అన్నీ ఒక్కపూటలో దూరమయ్యేవి. ఆ యువకులు వెనక్కి పోలేదు. పన్నెండేళ్ళ తర్వాత, 1864లో, ఇద్దరూ గురువులుగా అభిషేకం పొందారు.

రాఘవాపురం, 1859

రెండవ సాక్షి బడి మెట్లు ఎక్కినవాడు కాదు. కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య మాల కులస్థుడు. విగ్రహాల మీద నమ్మకం పోయి, పేరు తెలియని దేవునికి ఏళ్ళ తరబడి ప్రార్థన చేసినవాడు. బెజవాడలో సేవ చేస్తున్న డార్లింగ్ దొర ద్వారా సువార్త విని, తాను వెతుకుతున్న దేవుడు ఈయనేనని గుర్తించి 1859లో బాప్తిస్మం పొందాడు. 1891లో చనిపోయేవరకు ఊరూరా తిరిగి తన ప్రభువును గూర్చి చెప్పాడు. ఈ ప్రాంతపు పల్లె సంఘాల్లో అనేకం ఆ సాక్ష్యపు వేళ్ళ మీద పెరిగినవే.

రత్నం, భూషణం ఇల్లు పోగొట్టుకున్నారు. వెంకయ్యలాంటివారి వెంట వచ్చిన కూలీలు పోగొట్టుకున్నది వేరు. ఆదివారం పనికి రామంటే కోపించే ఆసామి, ఆగిపోయే గింజలు, తీరని అప్పు. ఒప్పుకోలు ఒక్కటే. ఖరీదు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా పడింది.

నేడు మన ముందున్న గడి

ఆ ఖరీదు నేటికీ సమానంగా లేదు. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం, హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డ్ కులాలవారిగా పరిగణించరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ పరిధిలోకి చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో ఎస్సీల నుండి క్రైస్తవులైనవారు, వారి సంతానం బీసీ-సి కిందికి వస్తారు. ఆ వర్గానికి ఉన్న రిజర్వేషన్ 1 శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో నిమిత్తం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవుల కోసం తీర్మానం చేసింది. మరోవైపు 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసాన్ని పాటిస్తూ కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం తగదని తీర్పు చెప్పింది.

గమనించండి, చట్టం అడుగుతున్నదీ ఒప్పుకోలునే. "నీవు ఎవరినని చెప్పుకుంటావు?" అని హెబ్రీ పత్రిక అడిగే ప్రశ్నే తహశీల్దారు కార్యాలయపు కాగితం మీద గడిగా ఎదురవుతోంది. ఆ గడిలో తాను నమ్మినదే రాసిన తండ్రి, కొడుకు సీటును పణంగా పెడుతున్నాడు. అగ్రకులం నుండి వచ్చిన విశ్వాసికి ఈ నష్టం లేదు. ఈ తేడాను చూడకుండా "ధైర్యంగా రాయండి" అని ప్రసంగించడం మాకు చేతకాదు.

అలాగని అబద్ధం రాయమని కూడా మేము చెప్పలేం. ఇంట్లో ఒక పేరు, కాగితంలో ఒక పేరు చూసి పెరిగే బిడ్డ, దేవుని మాట గుడి వరకేనని నేర్చుకుంటాడు. ఆ పాఠాన్ని తర్వాత ఏ సండే స్కూలూ చెరపలేదు.

సంఘం చేయవలసినది

కాబట్టి భారాన్ని ఆ తండ్రి ఒక్కడి మీద వదలకూడదు. మొదటిది, నిజం రాసినందుకు నష్టపోయిన బిడ్డ చదువును సంఘం తన చదువుగా ఎంచాలి. మన పాఠశాలల్లో, కళాశాలల్లో మొదటి సీటు, మొదటి ఫీజు రాయితీ ఆ బిడ్డకే దక్కాలి. కానుకల్లో కొంత భాగం దీనికై ప్రత్యేకించడం పెద్ద సంఘాలకు కష్టం కాదు. రెండవది, బీసీ-సి పత్రం, విద్యార్థి వేతనాల వివరాలు తెలిసినవారు పల్లె సంఘాలకు వెళ్ళి చెప్పాలి. మూడవది, ఈ వివక్ష తొలగాలని చట్టబద్ధంగా, ద్వేషం లేకుండా అడుగుతూ ఉండాలి.

నాలుగవది అన్నిటికంటే కష్టం. ఒకే రొట్టెలో పాలుపంచుకుంటూ పెళ్ళి సంబంధాల్లో కులం అడిగితే, సమాధుల తోటలో వరుసలు వేరు చేస్తే, అదీ ఒప్పుకోలును విడిచిపెట్టడమే. ఏ అధికారి బలవంతమూ లేకుండా మనకై మనం చేస్తున్న తిరస్కారం అది. తహశీల్దారు కాగితం నింపలేక తలవంచుకున్న తండ్రిని తప్పుపట్టే ముందు మన పెళ్ళి ప్రకటనలు ఒకసారి చదువుకుందాం.

ఇప్పటికే భయపడి వెనక్కి తగ్గినవారు ఈ మాటలు చదువుతూ ఉండవచ్చు. వారికి మేము పేతురును జ్ఞాపకం చేస్తున్నాం. నిప్పుల మంట దగ్గర ప్రభువును ఎరుగనన్నవాణ్ణి, సముద్రతీరాన మరొక నిప్పుల దగ్గర ప్రభువే కూర్చోబెట్టి భోజనం పెట్టాడు. ఆ తర్వాతే ప్రశ్న అడిగాడు, పని అప్పగించాడు. సంఘం కూడా ముందు భోజనం పెట్టి, తర్వాత ప్రశ్న అడగడం నేర్చుకోవాలి.

వచ్చే ఆదివారం విశ్వాస ప్రమాణానికి లేచినప్పుడు పక్కన నిలబడినవారిని ఒక్కసారి చూడండి. అవే మాటలకు వారు ఏమి చెల్లిస్తున్నారో తలచుకోండి. ఆ తర్వాత అందరం కలిసి, ఒకే మాటగా పలుకుదాం. మాట ఇచ్చిన ప్రభువు మనలను చివరివరకు స్థిరపరచును గాక. ఆమేన్.