వెయ్యి గజాల తూటా, ముప్పై అంగల బాణం

ఏటా చైత్రంలో మా ఏజెన్సీ ఊళ్ళలో ఇటుకల పండగ జరుగుతుంది. విత్తనాలకు పూజ చేస్తారు, దింసా ఆడతారు, మగవాళ్ళు వేటకు బయలుదేరతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేసేవారు. ఇప్పుడు మా వైపు వేట చాలావరకు ఆనవాయితీకే మిగిలింది. విల్లు పట్టుకుని అడవి అంచుదాకా వెళ్ళి వచ్చేవాళ్ళే ఎక్కువ.

ఒక ఏడు పండగ సెలవుల తర్వాత బడి తెరిచాం. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు మా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, వెయ్యి గజాల దూరంలో ఉన్న దుప్పిని ఒక్క తూటాతో కొట్టారు. ఫోన్లో చూశాను. మా తాత బాణం ముప్పై అంగలు కూడా పోదు. మనవాళ్ళు ఏం వేటగాళ్ళు మాస్టారూ?" అన్నాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ తూటా ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో మాకూ అప్పటికి సరిగా తెలియదు. తెలుసుకున్నాక రాసిన వ్యాసం ఇది. ఆ పిల్లవాడి కోసమూ, అలాంటి ప్రశ్న ఎదురయ్యే తోటి ఉపాధ్యాయుల కోసమూ రాశాం.

పెద్ద జంతువు కోసం పుట్టిన తూటా

ముందుగా ఒక మాట. తూటా వేరు, గుండు వేరు. ఇత్తడి గొట్టం, దానిలో మందు, వెనుక నిప్పు పుట్టించే చిన్న మూత, ముందు గుండు, ఇవన్నీ కలిస్తే తూటా. తుపాకీ నుంచి ఎగిరి వెళ్ళేది గుండు మాత్రమే. ఒకే లావు గుండు వెనుక మామూలు కంటే ఎక్కువ మందు పట్టేలా గొట్టాన్ని పెద్దదిగా చేస్తే, దాన్ని మాగ్నమ్ తూటా అంటారు. మాగ్నమ్ అంటే లాటిన్ భాషలో పెద్దది అని అర్థం. మామూలు సీసాకు రెట్టింపు పట్టే ద్రాక్షసారా సీసాకు కూడా ఇదే పేరు.

ఇలాంటి తూటాల్లో పేరు మోసినది 1912లో లండన్‌లో వచ్చింది. హాలండ్ అండ్ హాలండ్ అనే తుపాకుల కంపెనీ తయారుచేసిన 375 మాగ్నమ్ అది. 375 అంటే గుండు అడ్డుకొలత, అంగుళంలో వెయ్యికి 375 వంతులు. గుండు బరువు సుమారు 19 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 760 మీటర్లు. ఆఫ్రికాలోనూ మన దేశంలోనూ వేటాడే దొరల కోసం చేశారు. అప్పటి మందు కార్డైట్. ఎండ ముదిరితే దాని ఒత్తిడి పెరిగి, పేలిన గొట్టం తుపాకీలో ఇరుక్కుపోయేది. మీదికి వస్తున్న జంతువు ముందు తుపాకీ బిగుసుకుపోతే మనిషి ప్రాణం పోయినట్టే. అందుకే గొట్టాన్ని పొడవుగా, ముందుకు సన్నబడేలా చేశారు. తేలిగ్గా బయటికి వస్తుందని. గొట్టం అడుగున మొలతాడు కట్టినట్టు ఒక పట్టీ పెట్టారు. తూటా గొట్టంలో సరైన చోట ఆగడానికి అది ఆసరా.

ఆ తూటా ఎందుకు పుట్టిందో చూడండి. అది దూరం కోసం పుట్టలేదు. దగ్గరగా ఉన్న ప్రమాదకరమైన జంతువును ఆపడానికి పుట్టింది. దూరం తర్వాత వచ్చింది.

కప్పు కోసం వెయ్యి గజాలు

1925లో అదే కంపెనీ అదే గొట్టం నమూనా మీద సన్నని గుండుతో ఇంకో తూటా తెచ్చింది. దాని పేరు 300 మాగ్నమ్. గుండు బరువు 12 గ్రాములకు కొంచెం లోపు, వేగం సెకనుకు సుమారు 870 మీటర్లు. గుండు వేగంగా పోతే నేల మీదికి వంగడం ఆలస్యమవుతుంది. సన్నగా పొడుగ్గా ఉంటే గాలి దాన్ని తక్కువగా ఆపుతుంది. ఈ రెండు గుణాలూ కలవడంతో గురిపోటీలు ఆడేవాళ్ళ కళ్ళు దాని మీద పడ్డాయి.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో క్యాంప్ పెర్రీ అనే చోట అప్పట్లో వెయ్యి గజాల పోటీ జరిగేది. దాని బహుమతి వింబుల్డన్ కప్పు. 1875లో బ్రిటన్ రైఫిల్ సంఘం అమెరికా జట్టుకు ఇచ్చిన కప్పు అది. 1935లో బెన్ కంఫర్ట్ అనే ఆయన 300 మాగ్నమ్ రైఫిల్‌తో ఆ కప్పు గెలిచాడు. వేట కోసం చేసిన తూటా కాగితపు గురి మీద గెలిచింది. ఆ తర్వాత ఆ తూటాకు గిరాకీ పెరిగింది. కొన్నాళ్ళకే వించెస్టర్ కంపెనీ తన మోడల్ 70 రైఫిల్‌ను 375, 300 రెండు తూటాలకూ సరిపోయేలా తయారుచేసి అమ్మింది.

1963లో వించెస్టర్ తన సొంత 300 మాగ్నమ్‌ను తెచ్చింది. గొట్టం కురచ, మామూలు రైఫిల్‌లోనే పడుతుంది, శక్తి మాత్రం తగ్గలేదు. అడుగున పట్టీ అలాగే ఉంచారు. నిజానికి ఈ తూటాకు ఆ పట్టీతో అంత పని లేదు. గొట్టం భుజమే దాన్ని ఆపగలదు. అయినా మాగ్నమ్ అంటే పట్టీ ఉండాలన్న అలవాటు జనంలో పడిపోయింది. మొదట దుప్పుల వేటగాళ్ళు, తర్వాత గురిపోటీల వాళ్ళు, ఆ తర్వాత సైనికులు దాన్ని పట్టుకున్నారు. 2010లో అమెరికా సైన్యం తన పాత స్నైపర్ రైఫిళ్ళను ఈ తూటాకు మార్చుకుంది. అంతకుముందు 800 మీటర్లుగా లెక్కవేసిన దూరం 1,200 మీటర్లకు పెరిగింది. దగ్గరికి వచ్చిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి మొదలైన తూటా వంద ఏళ్ళలో కనిపించనంత దూరంలో ఉన్న మనిషిని చంపే పనిలోకి వెళ్ళింది.

వెయ్యి గజాలంటే ఎంత?

పిల్లలకు ఇది లెక్కల పాఠంగా చెప్పవచ్చు. వెయ్యి గజాలు 914 మీటర్లు. మంచి గుండు సెకనుకు 880 మీటర్ల వేగంతో బయలుదేరినా, దారిలో గాలి ఆపుతూ ఉంటుంది కాబట్టి అంత దూరం చేరడానికి దాదాపు ఒకటిన్నర సెకన్లు పడుతుంది. వంద గజాలకు సరిచేసిన గురితోనే వెయ్యి గజాలకు కాలిస్తే గుండు ఏడు మీటర్లు కిందికి పడుతుంది. అందుకే దుర్బిణిలో అంత లెక్క ముందుగా తిప్పి పెట్టుకుంటారు. గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలి వీస్తే గుండు ఒకటిన్నర మీటర్లకు పైగా పక్కకు పోతుంది. అది ఆకులు కదిలించే గాలే. మన కొండల్లో ఈ గట్టున గాలి ఒక దిక్కు, లోయలో ఇంకో దిక్కు, ఆ గట్టున మరో దిక్కు. కాల్చేవాడికి తన దగ్గరి గాలి మాత్రమే తెలుస్తుంది.

ఇంకో లెక్క. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. తుపాకీ మోత అక్కడికి చేరడానికి రెండున్నర సెకన్లకు పైగా పడుతుంది. అంటే మోత వినపడకముందే గుండు వచ్చేస్తుంది. పారిపోవడానికి దుప్పికి ఒక్క అవకాశం కూడా లేదు. కానీ ఒకటిన్నర సెకన్లలో దుప్పి ఒక అడుగు ముందుకు వేయగలదు. గుండెకు పెట్టిన గురి పొట్టకు తగులుతుంది. అప్పుడు ఆ దుప్పి పొదల్లోకి పోయి రోజంతా బాధపడి చస్తుంది. కాల్చినవాడు కిలోమీటరు అవతల ఉంటాడు. వెళ్ళి వెతుకుతాడా? ఫోన్లో కనిపించే వీడియోల్లో తగిలిన గుండ్లే ఉంటాయి. తగలనివి ఎవరూ చూపించరు.

ఈ మాట మనమే అనడం లేదు. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అమెరికాలో పాత వేటగాళ్ళ సంఘం. మరీ దూరం నుంచి జంతువును కాల్చడం న్యాయమైన వేట కాదని ఆ సంఘమే చెప్పింది. అంత దూరంలో ఉన్న జంతువు మనిషిని పసిగట్టలేదు, తప్పించుకోలేదు, కాబట్టి అది వేటే కాదు, గురి చూసుకోవడమేనని వారి వాదన. మన పెద్దలకు ఈ సంగతి ఏ సంఘమూ చెప్పనక్కర లేకుండానే తెలుసు.

ఎవరి చేతిలో తూటా?

చరిత్రలో ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ తూటాలు ఎవరి చేతుల్లో ఉన్నాయి?

1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకు మినహాయింపు ఉండేది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో వేటకూ, ఉచ్చు పెట్టడానికీ, చేపలు పట్టడానికీ ప్రభుత్వం నిబంధనలు పెట్టింది. అదే అడవిలో దొరలూ రాజులూ వేటాడితే దానికి షికారు అని పేరు. మన తాతలు వేటాడితే నేరం. షికారుల్లో అడవి తోలి జంతువును దొర తుపాకీ ముందుకు తెచ్చినవాళ్ళు చాలాచోట్ల అడవి జనమే. పులి చర్మం దొర ఇంటి గోడకు ఎక్కింది. తోలినవాడి పేరు ఎక్కడా లేదు.

ప్రభుత్వం తూటాకు ఎంత భయపడిందో 1907 నాటి సంగతి ఒకటి చెబుతుంది. అప్పట్లో 450 కొలత గుండు వేట తూటాలు ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చేవి. ప్రభుత్వం వాటిని భారత్‌లోకీ సూడాన్‌లోకీ రానీయకుండా నిషేధించింది. పాత సైనిక మార్టిని హెన్రీ తుపాకుల కొలత కూడా అదే కాబట్టి ఆ గుండ్లు తిరుగుబాటుదార్ల చేతికి పోతాయని భయం. కంపెనీలు వెంటనే కొలత కొంచెం మార్చి 465, 470 అని కొత్త తూటాలు తెచ్చాయి. దొరల షికారు ఆగలేదు.

ఆ భయం ఉత్తది కాదని పదిహేనేళ్ళకు మన కొండలే చూపించాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర దళం దాడి చేసింది. తుపాకులతోపాటు తూటాలనూ తీసుకెళ్ళారు. తూటా లేని తుపాకీ కర్రతో సమానమని వారికి తెలుసు. నెల తర్వాత, సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పోలీసు దళం నడిచి వస్తుంటే దారి పక్క చెట్ల మాటున కాచుకున్నారు. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చారు. వెనుక వచ్చిన అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. వెయ్యి గజాల నుంచి ఎవరిని వదలాలో, ఎవరిని ఆపాలో తేల్చుకోగలరా? మనుషుల మొహాలు కనిపించేంత దగ్గరగా ఉన్నారు కాబట్టే ఆ తేడా చూడగలిగారు. చేతిలో ఉన్నది పోలీసుల తుపాకీయే. దాన్ని వాడిన పద్ధతి మాత్రం మన వేటది.

తాత చెప్పిన మూడు మాటలు

మా తాత విల్లు పట్టిన మనిషి. మా చిన్నప్పుడు ఆయన మూడు మాటలు పదేపదే చెప్పేవారు. కన్ను కనిపించకపోతే బాణం వేయకు. కడుపుతో ఉన్నదాన్నీ పిల్లతల్లినీ కొట్టకు. దెబ్బ తగిలిన జంతువును వదిలి ఇంటికి రాకు. మూడో మాట కోసం ఆయన ఒకసారి అడవిపంది నెత్తురు జాడ పట్టుకుని రాత్రంతా తిరిగి మర్నాడు పొద్దెక్కాక ఇల్లు చేరారు. ముప్పై అంగల బాణం అంటే చేతకానితనం కాదు. ముప్పై అంగల దగ్గరికి చేరాలంటే గాలి ఎటు వీస్తుందో, ఏ ఆకు మీద అడుగు వేస్తే చప్పుడవుతుందో, జంతువు ఏ వేళకు నీళ్ళకు దిగుతుందో తెలియాలి. ఆ చదువు మొత్తం ఆ ముప్పై అంగల్లో ఉంది.

మన తప్పులూ చెప్పుకోవాలి. నాటు తుపాకీ పట్టుకుని రాత్రిపూట పొద కదిలితే కాల్చేవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. జంతువు అనుకుని తోటి మనిషిని కాల్చి జైలుకు పోయినవాళ్ళ కథలు ఏజెన్సీలో అందరికీ తెలిసినవే. కన్ను కనిపించకపోతే వేయకు అన్న మాట మరిచిపోయినప్పుడే అలా జరిగింది. ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, 1959 ఆయుధాల చట్టం ఉంది. వేట జీవనంగా తిరిగి రాదు, రావాలని మేము అనడం లేదు. ఆ చదువు పోకూడదంటున్నాం.

దానికి దారులున్నాయి. రాజస్థాన్ అహారీ తెగకు చెందిన లింబారామ్ అడవిలో విల్లుతో పెరిగి, 1992లో బీజింగ్‌లో 30 మీటర్ల పోటీలో 360కి 358 పాయింట్లు సాధించి ప్రపంచ రికార్డును సమం చేశాడు. మన పిల్లలకు విలువిద్య, రైఫిల్ పోటీలు రెండూ తెరిచి ఉన్నాయి. దూరం కాల్చాలన్న సరదా ఉంటే కాగితపు గురి ఉంది. కాగితానికి నొప్పి లేదు.

ఆ పిల్లవాడిని తర్వాత బడి మైదానంలోకి తీసుకెళ్ళాం. ముప్పై అంగలు కొలిపించాం. అక్కడ నిలబడిన తన స్నేహితుడి కన్ను కనిపిస్తోందా అని అడిగాం. కనిపిస్తోందన్నాడు. రోడ్డు వెంట సంత దగ్గరి చింతచెట్టు దాకా నడిపించాం. వెయ్యి గజాలు అంతే ఉంటుంది. అక్కడి నుంచి బడి వైపు చూసి, "ఎవరో మనిషి ఉన్నాడు మాస్టారూ, ఎవరో తెలీడం లేదు" అన్నాడు. కాసేపటికి తనే, "తాతను అడిగి బాణం వేయడం నేర్చుకుంటాను" అన్నాడు.

తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. మీ ఊళ్ళో విల్లు పట్టిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, వాళ్ళను ఒక్కరోజైనా బడికి పిలవండి. తూటా చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. ముప్పై అంగల చదువు వాళ్ళ దగ్గరే ఉంది.