తిజారతు చదువు, దాఖిలా షరతులు: నాడు నేడు

మన జిల్లాల్లో వ్యాపారమంటే పిల్లవాడు దుకాణంలో పెద్దల పక్కన కూర్చుండి నేర్చుకునే పనే. దానికొక కాలేజీ, ఒక సనదు ఉంటాయని మన పెద్దలు తలచలేదు. మన దేశంలో కామర్సు కోసమే కాలేజీ పుట్టింది 1913లో, బొంబాయిలో. సిడెన్‌హామ్ కాలేజీ దాని పేరు. ఆ నాటికి నల్లగొండ, పాలమూరు పిల్లలకు అది చంద్రలోకం వంటిదే.

మన వద్ద పై చదువు ద్వారం వేరు. హైదరాబాదులోని నిజాం కాలేజీ 1887 నుండి మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. ఇంగ్లీషు రానివారికి అక్కడ చోటు లేదు. 1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా జారీ చేశారు, 1918లో ఉస్మానియా ఏర్పడింది, 1919లో తరగతులు మొదలయినవి. బోధన ఉర్దూలో. దానికోసం మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి అజమాయిషీలో దారుల్ తర్జుమా పుస్తకాలు తర్జుమా చేయించింది. అయితే ఒక సంగతి మనవాళ్లు తరచు మరచిపోతారు. ఆ ఉర్దూ జామియాలో కూడా ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశమే. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలె: మనకు ఇల్లువంటి ఆ ద్వారం తెలుగింటి పిల్లవాడికి గోడే అయ్యింది.

1948 తరువాత గాలి మారింది. ఉస్మానియాలో ఉర్దూ బోధన పోయి ఇంగ్లీషు వచ్చింది. గోడ ఈసారి మన వైపు పడ్డది. 1957లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పూర్తికాలపు ఎంబీఏ ప్రారంభించింది, 1961లో కలకత్తా, అహ్మదాబాదుల్లో ఐఐఎంలు వెలిసినవి. ఆ పేర్లు మన మొహల్లాల్లో ఎందరు విన్నారు?

మా దృష్టిలో మన పేద కుటుంబాలకు అసలు మార్పు 1982లో వచ్చింది. జి. రామ్‌రెడ్డి గారు తొలి ఉపకులపతిగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడ్డది. దానికే 1991లో అంబేడ్కర్ గారి పేరు పెట్టినారు. ఇంటర్ లేకున్నా పద్దెనిమిదేండ్లు నిండి అర్హత పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేర్చుకున్నది. అంగట్లో పగలంతా తూకం వేసేవాడు కూడా బి.కాం. చదవవచ్చునని అప్పుడే తెలిసింది.

ఇక నేటి సంగతి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చినవి. రెంటిలోనూ ఎంబీఏ ఉన్నది. దారి ఐసెట్ పరీక్ష. డిగ్రీలో యాభై శాతం, రిజర్వేషను వారికి నలభైఐదు శాతం మార్కులుండాలె. పరీక్ష 200 మార్కులకు, అర్హతకు ఇరవైఐదు శాతం. బి.కాం. వాళ్లకే అనుకుని మన బి.ఏ. పిల్లలు వెనక్కి తగ్గుతున్నారు. అది తప్పు, ఏ డిగ్రీ అయినా చాలు. అయితే ఆ రెండువందలలో యాభై మార్కులు కమ్యూనికేషనుకు, అంటే ఇంగ్లీషుకు. ఉర్దూ మీడియం పిల్లలు లెక్కల్లో గట్టివాళ్లయి కూడా అక్కడే జారుతరు.

గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998లో ఏర్పడింది, అక్కడ షరతు తలక్రిందులు. పదో తరగతి, ఇంటర్, డిగ్రీలలో ఎక్కడో ఒకచోట ఉర్దూ చదివి ఉండాలె, ప్రవేశ పరీక్ష రాయాలె. ఉర్దూ చదివినందుకు నష్టమే అనే తండ్రులు ఇది గమనించవలె. అలాగని ఐసెట్‌ను వదలమని మేము చెప్పం. ఇంటి దగ్గర సీటు, ఇంట్లో అన్నం, ముఖ్యంగా ఆడపిల్లలకు, చిన్న విషయం కాదు. రెండు పరీక్షలకూ దరఖాస్తు పెట్టడమే తెలివి.

రిజర్వేషను గురించి ఒక మాట. 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ కోటా నాలుగు శాతం. 2010లో హైకోర్టు కొట్టివేసినా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది సాగింది. అది ముస్లింలందరికీ కాదు, జాబితాలోని వర్గాలకే. సయ్యద్, పఠాన్, మొఘల్ ఇండ్లవారు అందులో లేరు. వారు ఆదాయం తక్కువైతే ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవాలె. ఏ పత్రమైనా తహసీల్దారు కచేరీలో కౌన్సెలింగు తేదీ రాకముందే చేతికి తెచ్చుకుని, పేరు స్పెల్లింగు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నదో లేదో చూసుకోవాలె.