హోర్న్ రేవులో బందరు గుడ్డ

ఆమ్‌స్టర్‌డామ్‌లో రైలెక్కితే ముప్పావుగంటలోపే హోర్న్. సెలవులకి మా వారు పారిస్ అన్నారు. నేనే పట్టుబట్టి ఇక్కడికి తీసుకొచ్చాను. నెదర్లాండ్స్‌లో కాపురం పెట్టాక ఈ దేశపు చరిత్ర చదువుతుంటే మాటిమాటికీ మన బందరు ఎదురవుతూ వచ్చింది. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా మా విస్సన్నపేట వాళ్ళకి బందరంటే జిల్లా కేంద్రం, కలెక్టరాఫీసు పనులకి వెళ్ళే ఊరు. ఇక్కడి చరిత్రలో అది డచ్చివాళ్ళ ఓడలు సరుకెత్తుకున్న రేవు.

హోర్న్ రేవులో 1532 నాటి బురుజు ఇంకా నిలబడి ఉంది. దాని ముందున్న నీళ్ళు ఒకప్పుడు సముద్రం. 1932లో 32 కిలోమీటర్ల పొడవున కట్ట వేసి ఉప్పునీటిని ఆపేశాక అది మంచినీటి సరస్సైంది. పాత ఇళ్ళు కొన్ని వీధిలోకి కాస్త వాలి ఉంటాయి. పైకప్పు కింద దూలానికి కొక్కెం. సరుకుని తాడుతో పై అంతస్తుకి లాగేవారు.

"పైన ఏం దాచేవాళ్ళు?" అన్నారు మా వారు.

మిరియాలు, లవంగాలు, జాజికాయ. అయితే వాటిని ఏమిచ్చి కొన్నారన్నది మనవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి.

డచ్ ఈస్టిండియా కంపెనీ 1602 మార్చి 20న పుట్టింది. ఆరు పట్టణాల్లో శాఖలు. వ్యాపారంలో సగం ఆమ్‌స్టర్‌డామ్‌ది, పావు జీలండ్‌ది, మిగతా నాలుగింటికీ తలా పదహారో వంతు. ఆ నాలుగింటిలో హోర్న్ ఒకటి. పెట్టుబడి అంతా జనం దగ్గర వాటాలుగా పోగుచేశారు. ఇప్పటికి దొరికిన వాటా పత్రాల్లో అతి పాతది 2010లో హోర్న్ దస్తావేజుల భాండాగారంలోనే బయటపడింది. పక్క ఊరు ఎంక్‌హౌజెన్ శాఖ ఇచ్చిన పత్రం, తేదీ 1606 సెప్టెంబరు 9. బందరులో కంపెనీ కొఠీ పెట్టింది అంతకు ఏడాది ముందు. గోల్కొండ సుల్తానుతో సుంకాల ఒప్పందం కుదిరింది అదే 1606లో. ఇక్కడ డబ్బు పోగవుతుండగానే అక్కడ గుడ్డ పోగవుతోంది.

ఆ గుడ్డే అసలు నాణెం. నేటి ఇండోనేషియాలోని మసాలా దీవులవాళ్ళు తమ పంటకి బదులు మన నూలుబట్ట అడిగారు. డచ్చివాళ్ళు వెండి తెచ్చి కోరమాండల్ తీరంలో గుడ్డ కొని, దాన్ని దీవులకు చేర్చి లవంగాలూ జాజికాయా తీసుకున్నారు. నిజాంపట్నం వైపు దొరికే చిరివేరుతో వేసిన ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా వెలిసేది కాదు. తర్వాత అదే అద్దకపు బట్ట ఈ దేశం చేరి ఆడవాళ్ళ రవికెలైంది, దుప్పట్లైంది. పెడనలో ఈనాటికీ బతికున్న కలంకారీ ఆ విద్యకి వారసురాలే. హోర్న్ వీధుల అందం చూసి ముచ్చటపడ్డ ప్రతిసారీ, ఆ ఇటుకల ఖరీదులో మన సాలీల, అద్దకంవాళ్ళ కష్టం కూడా ఉందని మా వారితో అంటూనే ఉన్నాను.

ఊరి నడిబొడ్డున కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జోన్ కూన్ విగ్రహం ఉంది. 1587లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. 1619లో బటావియాని, అంటే నేటి జకార్తాని, కంపెనీ రాజధాని చేశాడు. 1621లో జాజికాయ మొత్తం తమ గుప్పిట్లో ఉండాలని బండా దీవుల మీద పడ్డాడు. అక్కడి సుమారు పదిహేను వేలమందిలో వెయ్యిమంది దాకా మాత్రమే మిగిలారని అంచనా. తక్కినవాళ్ళు చంపబడ్డారు, ఆకలితో పోయారు, పారిపోయారు, బానిసలయ్యారు. 1893లో పెట్టిన ఈ విగ్రహం 2011లో క్రేన్ తగిలి కిందపడింది. మళ్ళీ నిలబెట్టాలా వద్దా అని ఊళ్ళో పెద్ద వాదనే నడిచింది. చివరికి నిలబెట్టారు, కింద ఫలకం మీద అతని హింస గురించిన విమర్శనీ రాశారు. తీసెయ్యాల్సిందే అన్నారు మా వారు. ఉంచి, చేసింది రాయడమే నాకు నచ్చింది. తీసేస్తే మేమిద్దరం ఆ చౌకులో నిలబడి ఇంతసేపు మాట్లాడుకునేవాళ్ళమే కాదు.

2023 జూలై 1న రాజు విల్లెమ్ అలెగ్జాండర్ బానిసత్వంలో తన దేశం పాత్రకి క్షమాపణ చెప్పారు. ఇక్కడ ఎక్కువమందికి గుర్తొచ్చింది దక్షిణ అమెరికాలోని పాత డచ్చి వలస సురినామ్. నాకు మన తీరంలో డచ్చివాళ్ళ రేవు పులికాట్ గుర్తొచ్చింది. 17వ శతాబ్దపు కరువుల్లో గింజల్లేక తమని తాము అమ్ముకున్నవాళ్ళనీ, తల్లిదండ్రులు అమ్ముకున్న పిల్లల్నీ ఈ కంపెనీయే మన తీరం నుంచి ఓడల్లో బటావియాకి తరలించింది. మన బడి పుస్తకాల్లో ఇంగ్లీషువాళ్ళ గురించి అంత చదివి, దీని గురించి ఒక్క ముక్కా చదవకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

పిల్లల దగ్గరికి ఈ దేశం వచ్చే అమ్మానాన్నల్ని ముందు కెకెన్‌హోఫ్ తులిప్ తోటకి తీసుకెళ్తారు. అది చూడండి, ఒకరోజు హోర్న్‌కీ తీసుకెళ్ళమని అడగండి. బయల్దేరేముందు బందరులో డచ్చి సమాధులు చూసి రండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రాళ్ళమీద పేర్లు, తేదీలు, వంశచిహ్నాలు చెక్కి ఉంటాయి. ఫోటోలు తీసి తెచ్చుకుంటే, ఇక్కడి పాత ఇళ్ళ గోడలమీది చెక్కడాలతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.