హామీ వడ్డీ – కరవు సీమ: కర్నూలు–కడప కాలువ నిధుల చరిత్ర

వ్యాససంగ్రహం: కర్నూలు–కడప కాలువ నిర్మాణానికి ప్రభుత్వ హామీతో సేకరించిన మూలధనం, ఆపై ఇచ్చిన రుణం ఎలా ఖర్చయ్యాయో, వాటి భారం చివరకు ఎవరిపై పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కె.సి. కాలువ, హామీ వడ్డీ, సుంకేసుల, రాయలసీమ, కరవు.

1. ఉపోద్ఘాతం:

కె.సి. కాలువను 'డచ్చి కంపెనీ' తవ్వించిందన్న మాట కొన్ని ప్రభుత్వ పత్రాల్లో నేటికీ కనిపిస్తుంది. వాస్తవానికి నిర్మాత లండన్‌లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఇది కేవలం పేరుకు సంబంధించిన పొరపాటు కాదు. కంపెనీ వెనుక ఉన్న ప్రభుత్వ బాధ్యతను కూడా అది మరుగుపరుస్తుంది.

2. హామీ ఒప్పందం:

గోదావరి ఆనకట్ట (1847–52) విజయంతో సర్ ఆర్థర్ కాటన్ ప్రణాళికలపై పెట్టుబడిదారులకు నమ్మకం కలిగింది. తుంగభద్ర పథకానికి సమకూర్చిన 10 లక్షల పౌన్ల మూలధనంపై ప్రభుత్వం 5 శాతం వడ్డీకి హామీ ఇచ్చింది. అంటే కాలువ పారినా పారకున్నా వాటాదారులకు ఏటా 50 వేల పౌన్లు ముట్టవలసిందే. లాభనష్టాలతో నిమిత్తం లేని రాబడి కావడం వల్ల ఖర్చుపై వాటాదారుల నిఘా సడలింది. అదే కాలంలో రైలు కంపెనీలకిచ్చిన హామీలపై వచ్చిన ప్రధాన విమర్శ కూడా ఇదే. హామీ లేకుండా ఒరిస్సాలో పనిచేసిన మరో నీటిపారుదల కంపెనీ నిలదొక్కుకోలేకపోయింది. దానిని 1860ల చివరలోనే ప్రభుత్వం కొనవలసివచ్చింది.

3. ప్రణాళిక – ఆచరణ:

తుంగభద్రను పెన్నతో కలిపి, నెల్లూరు మీదుగా కృష్ణపట్నం రేవు దాకా నౌకామార్గం ఏర్పరచాలన్నది తొలి ఆశయం. 1863లో పనులు మొదలయ్యాయి. సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, కర్నూలు వద్ద హంద్రీని దాటించి, కుందూ లోయలోకి కాలువను మళ్లించారు. రవాణాకూ సాగుకూ ఒకే కాలువ కావడంతో వ్యయం పెరిగింది. 1866 నాటికే మూలధనం హరించుకుపోయింది. అప్పుడు ప్రభుత్వం మరో 6 లక్షల పౌన్ల రుణం సమకూర్చింది. తొలి నిధుల వినియోగంపై విచారణ కన్నా, ఆగిన పనిని గట్టెక్కించడమే ముఖ్యమైంది. కాలువ మాత్రం సుమారు 305 కిలోమీటర్ల మేర కడప వరకే సాగింది.

4. నేల – రైతు:

అంచనాల్లో గోదావరి డెల్టా ఉంది గాని నల్లరేగడి లేదు. తేమను నిలుపుకొనే ఆ నేలలో జొన్న, పత్తి పండించే రైతుకు మామూలు ఏడాదిలో రుసుము చెల్లించి కాలువ నీరు తీసుకోవలసిన అవసరం తక్కువ. 1876–78 కరవులో నీటికి గిరాకీ పెరిగింది, వానలు కురవగానే తగ్గింది. ఆ కరవు దెబ్బకు 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ సంవత్సరాల్లోనూ హామీ వడ్డీ ఆగలేదు. దాన్ని భరించిన ఖజానాకు ప్రధాన ఆధారం భూమిశిస్తు.

5. కొనుగోలు – పర్యవసానం:

1878లో నియమితమైన పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందు కాటన్ నీటిపారుదలను గట్టిగా సమర్థించాడు. అయినా 1882లో ప్రభుత్వం కాలువను 3.02 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. దీంతో ఆస్తితోపాటు నష్టమూ ప్రజల ఖాతాలో చేరింది. 1933లో నౌకాయానం ఆగి, అది పూర్తిగా సాగునీటి కాలువ అయింది. నేడు దాని ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరాలు. కనుక వైఫల్యం కాలువది కాదు, దానికి నిధులు సమకూర్చిన పద్ధతిది.

6. ముగింపు:

• ఇక్కడ దుర్వినియోగమంటే సొమ్ము అపహరణ కాదు. నష్టభయం లేనివారి చేతికి ప్రజాధనాన్ని అప్పగించడం.

• ఖర్చు చేసినది కంపెనీ, హామీ ఇచ్చినది ప్రభుత్వం, చెల్లించినది రైతు. ఖర్చును ప్రశ్నించే అధికారం చెల్లించినవానికి లేదు.

• కర్నూలు జిల్లా మాన్యువల్ (1886) కర్త నరహరి గోపాలకృష్ణమశెట్టి, 'శ్రీరంగరాజచరిత్ర' (1872) రచయిత కూడా. సీమ సాహిత్య పరిశోధకులు నవలతోపాటు ఇటువంటి పాలనా పత్రాలనూ చదవవలసిన అవసరాన్ని ఈ ఉదాహరణ సూచిస్తుంది.