తీరిక వేళల రంపం: స్క్రోల్ సా కొనుగోలుదారుల చరిత్ర

పరిచయం

పారిశ్రామిక విప్లవం గురించిన పాఠాల్లో మీరు ఆవిరి యంత్రం, మరమగ్గం, రైలు గురించి చదివి ఉంటారు. ఇవన్నీ కర్మాగారానికి, రవాణాకు చెందినవి. పని ముగించుకుని ఇంటికి వచ్చిన మనిషి సాయంత్రం ఏ యంత్రం ముందు కూర్చున్నాడన్న ప్రశ్నను పాఠ్యగ్రంథాలు అరుదుగా అడుగుతాయి. ఈ భాగంలో స్క్రోల్ సా అనే చిన్న పనిముట్టు ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

ముందుగా అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి. సన్నని బ్లేడును రెండు చివరలా బిగించి నిలువుగా పైకీ కిందికీ ఆడిస్తారు. బ్లేడు ఉన్నచోటే ఉంటుంది. పలుచని చెక్కను చేతులతో తిప్పుతూ, గీసుకున్న గీత వెంబడి కోస్తారు. చెక్క మధ్యలో పువ్వునో అక్షరాన్నో తొలచాలంటే మొదట రంధ్రం వేసి, బ్లేడు ఒక చివర విప్పి, దానిని రంధ్రంలో దూర్చి మళ్లీ బిగించాలి. కంసాలి లోహపు రేకును కోసే చిన్న చట్రపు రంపాన్ని మీరు చూసి ఉంటే, ఇది దాని బంధువే. అక్కడ చేతితో ఆడించేదాన్ని ఇక్కడ యంత్రం ఆడిస్తుంది.

వృత్తి నుంచి ఇంటికి

సన్నని బ్లేడుతో వంపులు కోయడం చాలాకాలం నిపుణుల వృత్తిగానే ఉంది. 17వ శతాబ్దపు పారిస్‌లో ఆండ్రే-షార్ల్ బూల్ కార్ఖానా ఇత్తడి రేకును, తాబేటి చిప్పను ఒకదానిపై ఒకటి పెట్టి కలిపి కోయడంలో పేరు పొందింది. ఒక్క కోతతో రెండు నమూనాలు వచ్చేవి, వాటిని రాజభవనాల ఫర్నిచర్‌కు అతికేవారు. ఇది ఏళ్ల తరబడి శిక్షణ పొందినవారి పని. సరదాకు చేసేది కాదు.

19వ శతాబ్దం రెండవ భాగంలో అమెరికాలో పరిస్థితి మారింది. కుట్టు మిషనులా కాలితో తొక్కే స్క్రోల్ సాలు మార్కెట్లోకి వచ్చాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ పట్టణానికి చెందిన బార్న్స్ కంపెనీ, మసాచుసెట్స్‌లోని మిల్లర్స్ ఫాల్స్ కంపెనీ వీటి తయారీదారుల్లో ముఖ్యమైనవి. బార్న్స్ వారి ఒక నమూనాలో సైకిలు మీద కూర్చున్నట్లు కూర్చుని తొక్కాలి. గోడ అలమరాలు, గడియారపు పెట్టెలు, ఫొటో చట్రాలు ఇళ్లలోనే తయారయ్యాయి. ఆవిరితో నడిచే పెద్ద రంపాలు అదే కాలంలో ఇళ్ల చూరులకు, వరండాలకు నగిషీ పలకలను కుప్పలుగా కోస్తున్నాయి. వీధిలో కనిపించే అలంకారాన్నే చిన్న యంత్రం గదిలోకి తెచ్చిందన్నమాట.

ఆ కాలపు ప్రకటనలను చరిత్ర విద్యార్థిగా మీరు జాగ్రత్తగా చదవాలి. అవి ఒకే యంత్రాన్ని రెండు విధాలుగా అమ్మాయి. కుర్రవాళ్లకు మంచి కాలక్షేపమని, ఇంటికి అందమని ఒకవైపు చెప్పాయి. కోసిన వస్తువులు అమ్మి డబ్బు సంపాదించవచ్చని మరోవైపు ఆశ చూపాయి. అయితే కొన్నవాడు చేస్తున్నది ఆటా, పనా? స్టీవెన్ గెల్బర్ అనే చరిత్రకారుడు హాబీల మీద 1999లో ప్రచురించిన గ్రంథంలో ఈ చిక్కునే చర్చించాడు. పని పట్ల పారిశ్రామిక సమాజం కోరిన క్రమశిక్షణ, ఓర్పు, ఫలితంపై దృష్టి హాబీ రూపంలో తీరిక వేళల్లోకి కూడా ప్రవేశించాయని ఆయన వాదన. నాకు ఈ వాదన చాలావరకు అంగీకారమే. కాని మంచి వంపు తిరిగిన కోత చూసినప్పుడు కలిగే సంతోషానికి అందులో చోటు కొంచెం తక్కువ.

ఇంగ్లండులో మార్కెట్ మరో దారి పట్టింది. నార్ఫోక్ ప్రాంతంలోని డీరమ్ పట్టణం కేంద్రంగా 1895లో ‘హాబీస్’ అనే వారపత్రిక మొదలైంది. పత్రికతో పాటు కోతకు సిద్ధమైన నమూనా కాగితం ఉచితం. నమూనా చేతికి వచ్చాక దానికి తగిన చెక్క, బ్లేడు, చివరకు రంపం కూడా ఆ సంస్థ దగ్గరే దొరికేవి. ఇప్పుడు ప్రింటరు చవకగా ఇచ్చి ఇంకు ఖరీదుగా అమ్మేవారి లెక్కకు ఇది ముత్తాత.

మాంద్యం కాలం

1920లలో చిన్న విద్యుత్ మోటార్లు ఇళ్లకు చేరాయి. తర్వాత వచ్చిన మహామాంద్యం ఈ యంత్రం చరిత్రలో అత్యంత ముఖ్యమైన ఘట్టం. 1932-33లో అమెరికాలో జిగ్‌సా పజిల్ ఒక వెర్రిలా వ్యాపించింది. ఉద్యోగాలు పోయిన వడ్రంగులు, ఇతర వృత్తులవారు ఇంట్లో ఉన్న స్క్రోల్ సాతో ప్లైవుడ్ మీద అతికించిన బొమ్మలను ముక్కలుగా కోసి అమ్మారు. కొనలేనివారికి మందుల దుకాణాలు, గ్రంథాలయాలు అద్దెకు ఇచ్చాయి. నిన్నటి హాబీ యంత్రం కుటుంబానికి కూడు పెట్టింది. అయితే అదే సమయంలో అచ్చుతో ఒక్క దెబ్బకు కత్తిరించే అట్ట పజిళ్లు వారం వారం 25 సెంట్లకే రాసాగాయి. ఒక్కొక్క ముక్కను కోసేవాడు ఆ ధరతో పోటీపడలేడు. మరమగ్గానికీ చేనేతకూ మధ్య జరిగిన పోరును మీరు చదివే ఉన్నారు. ఇక్కడ అదే పోరు వంటింటి పక్క గదిలో, కొద్ది నెలల వ్యవధిలో జరిగింది.

ఏ యంత్రాన్ని ఎంచుకోవాలి?

ఇక కొనుగోలుదారు ప్రశ్నకు వద్దాం. కాలితో తొక్కే పాత రంపాల్లో చాలావాటికి పైన ఒకటి, కింద ఒకటి సమాంతర చేతులు ఉండేవి. రెండూ కలిసి కదలడం వల్ల బ్లేడు బిగువు ఇంచుమించు ఒకేలా ఉండేది. మోటార్ల కాలంలో స్థిరమైన ఇనుప చేయి, పైన స్ప్రింగు ఉన్న రకం ప్రచారంలోకి వచ్చింది. కింది నుంచి మోటారు బ్లేడును లాగితే స్ప్రింగు పైకి లాగేది. బిగువు మారుతూ ఉండటంతో సన్నని బ్లేడ్లు తరచు తెగేవి. 1970ల తర్వాత జర్మనీకి చెందిన హెగ్నర్ వంటి యంత్రాలతో సమాంతర చేతులు మళ్లీ గౌరవం పొందాయి. సాంకేతికత ఎప్పుడూ ముందుకే నడుస్తుందని రాసే విద్యార్థులు ఈ ఉదాహరణ గుర్తుంచుకుంటే మంచిది.

నేటి కొనుగోలుదారు చూసేవాటిలో చాలావరకు ఈ చరిత్ర మిగిల్చినవే. బ్లేడు నుంచి వెనుక స్తంభం దాకా ఉన్న దూరాన్ని బట్టి ఎంత పెద్ద పలక తిప్పగలమో తేలుతుంది. చిన్న యంత్రాల్లో ఇది 16 అంగుళాలు, డెవాల్ట్ డీడబ్ల్యూ 788లో 20 అంగుళాలు. 5 అంగుళాల సాదా బ్లేడు వాడగలగడం అంతకన్నా ముఖ్యం. చివర అడ్డపుల్ల ఉన్న బ్లేడు బిగించడం తేలికే గాని, అది దూరాలంటే రంధ్రం పెద్దదిగా ఉండాలి. కాబట్టి సన్నని జాలీ పనికి అది పనికిరాదు. వేగాన్ని తగ్గించే వీలు, తక్కువ అదురు కూడా చూడాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే యంత్రం 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది.

అభ్యాసం: మీకు దొరికిన ఏదైనా పనిముట్టు ప్రకటన తీసుకోండి. అది కొనేవానికి తీరికను అమ్ముతున్నదా, సంపాదనను అమ్ముతున్నదా? ఏ మాటల వల్ల ఆ నిర్ణయానికి వచ్చారో 10 వాక్యాల్లో రాయండి.